వంటింటి కత్తికి పదును: మీ ప్రశ్నలు, మా జవాబులు

కూరగాయల కోత గురించి పోయిన నెల రాశాం. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 'ముందు కత్తి తెగితే కదండీ' అన్నవే. అందుకే ఈసారి పేజీ మొత్తం పదునుకే. ఏ షార్పెనర్ కొనాలని చాలామంది అడిగారు. మా మాట ముందే చెబుతున్నాం: ఏది కొన్నా సరే, నూరేటప్పుడు అంచున లేచే సన్నని పొరను వేలితో పోల్చుకోవడం రావాలి. అది రాకపోతే ఖరీదైన రాయి కూడా దండగే. ఆ పొర సంగతి మూడో జవాబులో ఉంది. తొందరున్నవాళ్ళు ముందు అక్కడికే వెళ్ళండి.

ప్రశ్న: మూడు గాడుల షార్పెనర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. నూరిన రోజు కత్తి భలే తెగుతుంది, నాలుగో రోజుకి మళ్ళీ మామూలే. ఇప్పుడు రోజూ పాతిక ముప్పై సార్లు లాగాల్సి వస్తోంది. లోపం కత్తిదా, షార్పెనర్‌దా? (పాఠకురాలు, తెనాలి)

లోపం లాగే తీరులో ఉందమ్మా. మొదటి గాడిలో టంగ్‌స్టన్ కార్బైడ్ పలకలు రెండు కత్తెర నోరులా ఎదురెదురుగా ఉంటాయి. అవి అంచును నూరవు, గీకుతాయి. బీరకాయ మీద పీలర్ లాగినట్టే అనుకోండి. గాడి కింద తెల్ల కాగితం పరిచి ఒకసారి లాగి చూడండి, వెంట్రుకల్లాంటి ఇనుప పోగులు రాలతాయి. అదంతా మీ కత్తే. గీకిన అంచు సన్న రంపంలా చిట్లి ఉంటుంది. మొదటి రోజు టమాటా తొక్కను చీల్చేది ఆ రంపపు పళ్ళే. వాటికి బలం ఉండదు కాబట్టి బోర్డుకి నాలుగు రోజులు తగిలేసరికి కొన్ని విరిగిపోతాయి, కొన్ని పక్కకి ఒరిగిపోతాయి. మీరు మళ్ళీ గీకుతారు. ఇలా రోజూ పాతికసార్లు లాగితే ఏడాది తిరిగేసరికి కత్తి వెడల్పు కంటికి కనిపించేంత తగ్గుతుంది. పిడి దగ్గర గాడి అందని చోట ఒక మెట్టు కూడా మిగిలిపోతుంది.

కార్బైడ్ గాడిని కత్తి పూర్తిగా మొండిబారినప్పుడే వాడండి, అదీ మూడు నాలుగు సార్లకి మించకుండా. తరవాత మధ్య గాడిలో ఐదారు సార్లు, చివరి సిరామిక్ గాడిలో పది సార్లు లాగండి. పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా ఒకే దిక్కున లాగాలి. వెనక్కి తోయకూడదు. ఒత్తిడి కత్తి బరువంత ఉంటే చాలు. గాడి కిర్రుమంటే ఎక్కువ నొక్కుతున్నారని అర్థం. చివర్లో, నాలుగు మడతలు వేసిన న్యూస్‌పేపర్ మీద, వెన్ను ముందు నడుస్తూ అంచు వెనక్కి ఉండేలా, అటు పది ఇటు పది సార్లు ఈడ్చండి. వారానికోసారి సిరామిక్ గాడి, ఆపైన ఈ కాగితం. మొదటి గాడి జోలికి నెలల తరబడి వెళ్ళక్కర్లేదు.

ప్రశ్న: రాయి కొందామంటే 400, 1000, 3000, 6000 అని ఏవేవో అంకెలు. నీటి రాయి, నూనె రాయి, డైమండ్ ప్లేటు అంటున్నారు. ఇంటికి ఏది చాలు? (పాఠకుడు, కూకట్‌పల్లి)

ఒక్కటే కొనేట్టయితే 1000 నీటి రాయి కొనండి. రెండు పక్కలా వాడుకునేది కావాలంటే 400/1000.

అంకె పెరిగేకొద్దీ రాయి నునుపవుతుంది. 220 నుంచి 400 దాకా ఉన్నవి పెచ్చులు లేచిన కత్తికి, ఏళ్ళుగా మొండిబారి ఉన్న కత్తికి. 800, 1000 మామూలు పదునుకి. 3000 దాటినవి మెరుగు పెట్టడానికి. బజార్లో 1000/6000 జంట ఎక్కువగా కనిపిస్తుంది గానీ మన ఇళ్ళలో ఉండే స్టెయిన్‌లెస్ చాకుకి ఆ 6000 పక్క అక్కరకు రాదు. ఆ ఉక్కు మెత్తన, లోహాల గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద సుమారు 52 నుంచి 56. అంత నునుపును అది నిలుపుకోలేదు. పైగా 1000 రాయి వదిలే కాస్త గరుకు అంచే టమాటా తొక్కను, మిరపకాయను బాగా పట్టుకుంటుంది.

రాయి కనీసం 180 మిల్లీమీటర్ల పొడుగు, 50 వెడల్పు ఉండాలి. అరచేతిలో ఇమిడే బుల్లి రాళ్ళ మీద కత్తి వాలు నిలపడం అలవాటున్నవాళ్ళకే కష్టం.

హార్డ్‌వేర్ కొట్లో దొరికే నల్లటి రెండు పక్కల రాయిని అందరూ కార్బొరండం అనే అంటారు. అది సిలికాన్ కార్బైడ్‌కి పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ పెట్టిన పేరు. మన దగ్గర ఆ మాట రాయికే పేరై స్థిరపడింది. మామూలుగా 8 అంగుళాల పొడుగు, 2 వెడల్పు, 1 మందం ఉంటుంది. చవక, మన్నిక. కత్తిపీటకీ మచ్చుకత్తికీ భేషుగ్గా పనికొస్తుంది. అయితే దాని నున్నటి పక్క కూడా 1000 కంటే బాగా గరుకు, కాబట్టి సన్న చాకుకి మొదటి దశకే వాడండి.

నూనె రాయి మీద కుట్టుమిషన్ నూనె వాడాలి. వంట నూనె పోస్తే కొన్ని వారాల్లో బంకగా గట్టిపడి రాయి రంధ్రాలు మూసుకుపోతాయి. ఆ తర్వాత కత్తి జారుతుందే గానీ అరగదు. ఒకసారి నూనె తాగిన రాయిని మళ్ళీ నీటితో వాడలేరు.

డైమండ్ ప్లేటుకి నానబెట్టే పని లేదు, గుంట పడదు. నాలుగు చుక్కల నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు చాలు. గట్టిగా నొక్కితే మాత్రం వజ్రపు రేణువులు ఊడిపోతాయి. ఓపిక తక్కువ, కత్తులు ఎక్కువ ఉన్న ఇంటికి 400/1000 డైమండ్ ప్లేటు మంచి ఎంపిక.

ప్రశ్న: 1000 రాయి కొని వీడియోలు చూసి రెండుసార్లు నూరాను. కత్తి ముందుకంటే మొండిగా తయారైంది. మొదటినుంచి చివరిదాకా వరసగా చెప్పగలరా? (పాఠకురాలు, రాజమహేంద్రవరం)

తప్పకుండా. చాలామంది మధ్యలో వదిలేసే పని ఇదే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

రాయిని నీళ్ళలో వేసి బుడగలు ఆగేదాకా, అంటే పది నిమిషాలు ఉంచండి. కొన్ని రాళ్ళ మీద నీళ్ళు చల్లితే చాలు, నానబెడితే పగుళ్ళు వస్తాయి. అట్టపెట్టె మీద ఏం రాశారో చూసుకోండి. గ్యాస్ గట్టు మీద తడి గుడ్డ పరిచి దానిపై రాయి పెట్టండి. నూరుతుంటే రాయి వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

ఇప్పుడు వాలు: నూరేటప్పుడు కత్తికీ రాయికీ మధ్య 20 డిగ్రీల కోణం ఉండాలి. 20 డిగ్రీలంటే ఎంతో కంటికి అంతుపట్టదు. దానికో సులువైన కొలత ఉంది: కత్తి వెన్ను రాయి నుంచి ఎంత ఎత్తున ఉండాలంటే, కత్తి వెడల్పులో మూడో వంతు. పెద్ద కత్తి వెడల్పు 42 మిల్లీమీటర్లయితే వెన్ను 14 మిల్లీమీటర్ల ఎత్తున, చిన్న చాకు 21 మిల్లీమీటర్లయితే 7 మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకోవాలి. సుమారు 20 డిగ్రీలు వస్తుంది. నాలుగో వంతు పెడితే 15 దగ్గరికి వస్తుంది, అది గట్టి ఉక్కు కత్తులకి. అంత మందం అట్టముక్కలు బొత్తిగా పేర్చి వెన్ను కింద ఒకసారి పెట్టి చూసుకుంటే చెయ్యి ఆ ఎత్తుని గుర్తుపెట్టుకుంటుంది.

నూరే ముందు అంచు వెంట రెండు పక్కలా నల్ల మార్కర్ పెన్నుతో గీయండి. నాలుగుసార్లు రాయి మీద నడిపి చూడండి. నలుపు అంచు దగ్గర మిగిలి, పైన చెరిగితే కత్తిని మరీ పడుకోబెట్టారు. అంచు దగ్గర మాత్రమే చెరిగితే మరీ లేపారు. మొత్తం చెరిగితే సరిపోయింది. మీ కత్తి ముందుకంటే మొండిదైందంటే, చాలావరకు ఈ మార్కర్ పరీక్ష చేయకపోవడమే కారణమై ఉంటుంది. పైన నూరుతూ అసలు అంచును తాకనే లేదు, లేదా వెనక్కి లాగినప్పుడు మణికట్టు తిరిగి అంచును రాయికేసి గుద్దారు.

కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమచేతి రెండు మూడు వేళ్ళ కొసలు కత్తి మీద, ఇప్పుడు రాయికి తగులుతున్న భాగం మీదే ఆన్చండి. కత్తిని మూడు భాగాలనుకోండి: పిడి దగ్గర, నడుమ, మొన. ఒక్కో భాగాన్ని ముందుకి తోసి, వెనక్కి లాగండి. ఒత్తిడి ఒక దిక్కునే వేయండి, తిరుగు దారిలో చెయ్యి తేలికపడాలి. ఎంత నొక్కాలో తెలియకపోతే వంటింటి తూకం మీద రాయి పెట్టి, సున్నా చేసి నొక్కి చూడండి. కిలో లోపు చాలు. మొన వచ్చేసరికి మోచేతిని కొద్దిగా పైకెత్తాలి, లేకపోతే వంపు తిరిగిన చోటు నూరకుండా మిగిలిపోతుంది. రాయి మీద చేరే నల్లటి బురదను కడిగేయకండి, నూరడంలో సగం పని దానిదే. ఆరుతుంటే నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించండి.

ఇక పొర. ఒక పక్క నూరుతూ పోతే అంచు సన్నబడి సన్నబడి, చివరికి రెండో పక్కకి మడిచినట్టు ఒక ఇనుప పొర లేస్తుంది. వర్క్‌షాపుల్లో దాన్ని బర్ అంటారు. కంటికి కనపడదు. నూరని పక్క మీద, వెన్ను నుంచి అంచు వైపుకి బొటనవేలిని అడ్డంగా దాటించండి (అంచు వెంట పొడుగ్గా మాత్రం ఎప్పుడూ వద్దు, తెగుతుంది). గోరు పక్కన లేచిన తొక్క దుప్పటికి తగులుకున్నట్టు, వేలికి చివర్లో సన్నగా తగులుతుంది. వేలితో నమ్మకం కుదరకపోతే దూది ఉండను అంచు దాటేలా జారవిడవండి. పొర ఉన్నచోట పోగులు చిక్కుకుంటాయి. పిడి నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా ఈ పొర తగిలేదాకా కత్తి తిప్పకండి. నడుమ తగిలి మొన దగ్గర తగలకపోతే మొన దగ్గరే ఇంకొంచెం నూరాలి. బాగా మొండిబారిన కత్తికి ఒక పక్కకే పది, పదిహేను నిమిషాలు పట్టొచ్చు. ఇరవైసార్లు నూరి తిప్పెయ్యమని లెక్క చెప్పే సలహాలతోనే చాలామంది దెబ్బతింటారు. సాయంత్రం చిన్న చాకుకి సరిపోయే లెక్క, మర్నాడు పెద్ద కత్తికి సరిపోదు.

పొర పూర్తిగా లేచాక రెండో పక్క తిప్పి మళ్ళీ అంతే. ఈసారి పొర మొదటి పక్కకి వస్తుంది. ఇక దాన్ని తీసేయాలి, పదును అప్పుడే పుడుతుంది. ఒత్తిడి తగ్గించి, అంచు ముందుండేలా, ఇటు ఐదు అటు ఐదు, తర్వాత మూడు మూడు, ఆపైన ఒకటి ఒకటి చొప్పున పదిసార్లు. చివరి వాటికి కత్తి సొంత బరువు చాలు. తరవాత మడిచిన న్యూస్‌పేపర్ రాయి మీద పరిచి, అంచు వెనక ఉండేలా పదేసి సార్లు ఈడ్చండి. పాత తోలు బెల్టు లోపలి పక్క అయితే మరీ మంచిది.

ట్యూబ్‌లైటు కింద అంచును కంటికి ఎదురుగా పట్టి చూడండి. మొండి అంచు వెలుతురును తిప్పికొడుతుంది, తెల్లటి గీతలా మెరుస్తుంది. పదునెక్కిన అంచు కనపడనే కనపడదు. అక్కడక్కడ చుక్కలు మెరిస్తే ఆ చోట్లు మళ్ళీ నూరండి. అయిపోయాక కత్తిని సబ్బుతో కడిగి తుడవడం మరవద్దు, ఇనుప పొడి కూరలోకి పోకూడదు.

ప్రశ్న: నూరాక కాగితం సర్రున కోస్తోంది, టమాటా మీద మాత్రం జారుతోంది. ఎందుకు? (పాఠకుడు, విజయవాడ)

కారణం రెండింటిలో ఒకటి. పొర పూర్తిగా పోలేదు: కాగితాన్ని ఆ పొరే కోసింది, టమాటా తొక్క తగలగానే ఒరిగిపోయింది. లేదంటే బాగా నునుపు రాయి మీద ఎక్కువసేపు మెరుగు పెట్టారు. 1000 రాయి మీద చెరో పక్క నాలుగుసార్లు తేలిగ్గా నడిపి, న్యూస్‌పేపర్ మీద ఐదేసి సార్లు ఈడ్చి చూడండి. టమాటాను నొక్కకుండా, కత్తిని దాని మీద ఆన్చి వెనక్కి లాగితేనే తొక్క తెగాలి. కాగితంకంటే నమ్మదగిన పరీక్ష ఇది.

ప్రశ్న: జర్మన్ కత్తుల సెట్టుతో ఒక ఉక్కు రాడ్ వచ్చింది. ఈమధ్య కొన్న జపాన్ కత్తికి కూడా దాన్నే వాడాను. అంచు వెంట ఇసుక రేణువులంత పెచ్చులు లేచాయి. రాడ్ పాడైందా? (పాఠకురాలు, డల్లాస్)

రాడ్ బాగానే ఉంది, అది ఆ కత్తి కోసం చేసింది కాదు. జర్మన్ కత్తులకి ఎక్కువగా వాడే ఉక్కులో కార్బన్ సగం శాతం, క్రోమియం 15 శాతం దాకా ఉంటాయి. దాని గట్టిదనం రాక్‌వెల్ స్కేలు మీద 55, 56 దగ్గర. వాడేకొద్దీ అంచు చిట్లదు, పక్కకి ఒరుగుతుంది. రాడ్ ఆ ఒరిగిన అంచును నిలబెడుతుంది, అందుకే నాలుగుసార్లు లాగగానే మళ్ళీ తెగుతుంది. మీ జపాన్ కత్తి వీజీ-10 లాంటి ఉక్కు అయితే గట్టిదనం 60 దగ్గర ఉంటుంది, అంచు కూడా ఇంకా సన్నం. గట్టి ఉక్కు ఒరగదు, విరుగుతుంది. గీతలున్న ఉక్కు రాడ్ తగిలితే అచ్చం మీరు చెప్పినట్టే పెచ్చులు లేస్తాయి.

జపాన్ కత్తిని 1000 రాయి మీద, వెన్ను నాలుగో వంతు ఎత్తున పెట్టి ఆ పెచ్చులు పోయేదాకా నూరండి. తరవాత 3000 మీద ముగించవచ్చు. పై మెరుగు పనికొచ్చేది ఇలాంటి కత్తికే. మధ్యమధ్యలో తోలు మీద ఈడిస్తే చాలు. రాడ్ కావాలనుకుంటే సన్న సిరామిక్ రాడ్, అదీ చేతి బరువు వేయకుండా. జర్మన్ కత్తికి ఉక్కు రాడ్ వాడేటప్పుడు రాడ్ మొనను బోర్డు మీద నిలువుగా ఆన్చి, కత్తిని పైనుంచి కిందికి, పిడి నుంచి మొనకు జారుస్తూ చెరో పక్క నాలుగైదుసార్లు. గాల్లో రెండు చేతులూ ఊపుతూ చేసేది చూడ్డానికి బాగుంటుంది గానీ వాలు ప్రతిసారీ మారిపోతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: బాగా మొండిబారిన కత్తిని ఉక్కు రాడ్ బాగుచేయలేదు. దానికి రాయే దిక్కు.

ప్రశ్న: కత్తి పదునుగానే ఉంది, టమాటా చక్కగా తెగుతోంది. కానీ క్యారెట్, చిలగడదుంప కోస్తే తెగకుండా ఫట్‌మని పగులుతున్నాయి. (పాఠకురాలు, కర్నూలు)

మంచి ప్రశ్న. పదును ఒకటి, సన్నదనం మరొకటి. ఏళ్ళ తరబడి ఒకే వాలులో నూరుతుంటే అంచు మెల్లగా వెన్ను వైపు, అంటే కత్తి మందంగా ఉన్న వైపు జరుగుతుంది. అంచు పదునుగా లోపలికి దిగుతుంది, దాని వెనకున్న మందం దుంపను గొడ్డలిలా చీలుస్తుంది.

మందు ఏమిటంటే, 400 రాయి మీద కత్తిని బాగా పడుకోబెట్టి, వెన్ను వెడల్పులో ఆరో వంతు ఎత్తుకి దించి (సుమారు 10 డిగ్రీలు), అంచు వెనకున్న భుజాన్ని రెండు పక్కలా అరగదీయాలి. అంచును తాకనక్కర్లేదు, దానికి అర మిల్లీమీటరు ఇవతల ఆగితే చాలు. కత్తి మీద గీతలు పడతాయి, మెరుపు పోతుంది. బాధపడకండి. తర్వాత మామూలుగా మూడో వంతు ఎత్తున 1000 మీద పదును పెట్టండి. అరగంట పైనే పడుతుంది, మళ్ళీ రెండు మూడేళ్ళ దాకా ఆ అవసరం రాదు.

ప్రశ్న: ఆవకాయకి మామిడికాయలు టెంకతో సహా ఇంట్లో కత్తితోనే కొట్టాను. అంచున రెండు పెద్ద గంట్లు పడ్డాయి. కత్తి పారేయాల్సిందేనా? (పాఠకుడు, నూజివీడు)

పారేయకండి. గంటు లోతు కొలవండి. ఒక మిల్లీమీటరు దాకా ఉంటే ఇంట్లోనే తీసేయవచ్చు. 220 రాయి మీద కత్తిని నిట్టనిలువుగా, అంచు రాయికి తగిలేలా నిలబెట్టి, రంపం కోసినట్టు పొడుగునా ముందుకీ వెనక్కీ రుద్దండి. మంచి అంచును కూడా గంటు అడుగుదాకా దించేస్తున్నారన్నమాట. చూడ్డానికి గుండె తరుక్కుపోతుంది, కానీ గంటు ఒక్కచోటే నూరితే అక్కడ పల్లం పడి కత్తి బోర్డుకి ఆనదు. గంట్లు మాయమయ్యాక అంచు మీద వెడల్పాటి మెరిసే పట్టీ మిగులుతుంది. ఇప్పుడు మూడో వంతు ఎత్తున రెండు పక్కలా మార్చి మార్చి నూరుతుంటే ఆ పట్టీ సన్నబడుతూ వస్తుంది. అది దారమంత అయ్యాక 1000 రాయికి మారి పొర లేపండి. గంటకి తక్కువ పట్టదు.

వచ్చే ఎండాకాలం మాత్రం ముదిరిన టెంకకి చెక్కపీటకి బిగించిన మామిడికాయల కత్తే వాడండి. దానికి 25 నుంచి 30 డిగ్రీల మొరటు వాలు ఉండాలి, అంటే ఇంచుమించు వెడల్పులో సగం ఎత్తు. చాకంత సన్నగా నూరితే దానికీ గంట్లే.

ప్రశ్న: అమ్మమ్మ నాటి కత్తిపీట. కొబ్బరి కోరు పళ్ళు కూడా అరిగాయి. రాయి మీద పెట్టి నూరడం కుదరదు కదా? (పాఠకురాలు, అమలాపురం)

కుదరదు. కత్తిపీటకి రాయే కత్తి దగ్గరికి రావాలి. మర ఉంటే విప్పి, లేకపోతే పీటను గోడకి ఆనించి కాలితో నొక్కి కదలకుండా చేయండి. అంచు లోపలికి వంపు తిరిగి ఉంటుంది కాబట్టి బల్లపరుపు రాయి నడుమ అందదు. ఒక పక్క గుండ్రంగా, ఒక పక్క చదునుగా ఉండే 8 అంగుళాల ఆకురాయి (ఇనుప ఫైలు) తెచ్చుకోండి. పాత కత్తిపీటలు ఎక్కువగా మామూలు ఇనుము, కార్బన్ ఉక్కు కాబట్టి ఆకురాయి సులువుగా పడుతుంది. అంచుకి ఒక పక్కే వాలు ఉందో, రెండు పక్కలా ఉందో ముందు చూసి, ఉన్న వాలునే అనుసరించండి. ఆకురాయి ముందుకి తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తేయాలి, ఈడిస్తే దాని పళ్ళు పోతాయి. వెన్ను వైపు నుంచి అంచు బయటికి తోస్తే చెయ్యి అంచుకి ఎదురుపడదు. పొర తగిలాక కార్బొరండం రాయి ముక్కను నీళ్ళతో తడిపి చిన్న చిన్న సున్నాలు చుడుతూ నున్నగా చేయండి.

కోరు పళ్ళకి మూడు పలకల సన్న ఆకురాయి. పన్నుకీ పన్నుకీ మధ్య సందులో ఒకే పక్క నుంచి మూడు నాలుగుసార్లు తోస్తే చాలు, అన్ని సందుల్లోనూ లెక్క సమానంగా ఉండాలి. పని ముగిశాక తుడిచి, పలచగా కొబ్బరినూనె రాయండి. చింతకాయ, మామిడికాయ, నిమ్మకాయ కోసిన రోజు వెంటనే కడిగి ఆరబెట్టకపోతే తెల్లారేసరికి తుప్పు కనిపిస్తుంది.

ప్రశ్న: వీధిలో సైకిల్ మీద సాన పట్టే అతనికి కత్తి ఇచ్చాను. అంచున ఒకచోట నీలం రంగు తేలింది. అక్కడ పదును నిలవడం లేదు. (పాఠకుడు, హనుమకొండ)

అక్కడ ఉక్కు కాలింది. వంటింటి కత్తులను గట్టిపరిచాక ఎక్కువగా 200 డిగ్రీల లోపు వేడిలో పాకం పెడతారు, అంటే మళ్ళీ కాచి పెళుసుదనం తగ్గిస్తారు. మామూలు కార్బన్ ఉక్కు 300 డిగ్రీలకి అటూఇటూగా నీలం తిరుగుతుంది. స్టెయిన్‌లెస్‌కి ఆ రంగు రావాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి. అంత వేడెక్కిన చోట ఉక్కు మెత్తబడిపోతుంది, ఎంత నూరినా పదును నిలవదు. నీలం పూర్తిగా పోయేదాకా రాయి మీద నీళ్ళు పోస్తూ అంచును దించడమొక్కటే దారి, సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లు పోతుంది.

అలాగని సాన పట్టేవాళ్ళను మానేయమని చెప్పం. కత్తెరలకి, మచ్చుకత్తులకి వాళ్ళ చెయ్యి మన చెయ్యి కంటే మేలు. ఇచ్చేటప్పుడు పక్కన డబ్బాలో నీళ్ళు పెట్టి, చక్రం మీద రెండుసార్లు నడిపిన ప్రతిసారీ ముంచమని అడగండి. చక్రం మీద ఒకేచోట ఆపకూడదు. కత్తిని ఉత్త చేత్తో పట్టుకోలేనంత వేడి ఎప్పుడూ ఎక్కకూడదు. ఇంటికొచ్చాక 1000 రాయి మీద ఐదు నిమిషాలు ముగింపు పని చేసుకోండి, చక్రం వదిలిన మొరటు పొర పోతుంది.

ప్రశ్న: బ్రెడ్ కత్తి, కత్తెర కూడా గాడి షార్పెనర్‌లో లాగొచ్చా? (పాఠకురాలు, విశాఖపట్నం)

రెండూ వద్దు. బ్రెడ్ కత్తికి ఒక పక్కే వాలు ఉంటుంది. ఆ పక్క నుంచి మాత్రమే, ఒక్కో గుంటలో సన్నటి డైమండ్ రాడ్‌ని నాలుగుసార్లు తిప్పి, వెనక పక్క లేచిన పొరను రాయి మీద చదునుగా ఒక్కసారి లాగి తీసేయండి. కత్తెరకి బయటి వాలు మాత్రమే నూరాలి. లోపలి చదును పక్కల్లో వాలు పెడితే రెండు ఆకులూ ఒకదానితో ఒకటి రాసుకోవు, గుడ్డ తెగకుండా మడతపడుతుంది.

ప్రశ్న: ఎన్నాళ్ళకోసారి నూరాలి? నేను గ్యాస్ గట్టు గ్రానైట్ మీదే కోస్తాను. (పాఠకుడు, ఒంగోలు)

గ్రానైట్ మీద కోసినంతకాలం ప్రతి వారం నూరినా సరిపోదు. అందులోని క్వార్ట్జ్ మీ కత్తి ఉక్కు కంటే గట్టిది. గాజు పలక, పాలరాయి, స్టీలు పళ్ళెం మీద కోసినా అంచు త్వరగా మొండిబారుతుంది. చెక్క బోర్డు గానీ మెత్తటి ప్లాస్టిక్ బోర్డు గానీ పెట్టుకోండి. రోజూ ఇద్దరు ముగ్గురికి వంట చేసే ఇంట్లో అప్పుడు రెండు మూడు నెలలకోసారి రాయి, వారానికోసారి కాగితమో రాడ్డో చాలు. తరిగిన ఉల్లిపాయను బోర్డు మీద నుంచి బాణలిలోకి తోసేటప్పుడు అంచుతో గీకకండి, కత్తి తిరగేసి వెన్నుతో తోయండి. ఆ గీకుడుకి అంచు పక్కకి ఒరిగిపోతుంది. సింకులో గిన్నెల మధ్య వేయకుండా విడిగా కడిగి తుడవండి. సొరుగులో చెంచాలతో పాటు పడేయకుండా, పాత అట్టముక్కని మడిచి టేపు వేసి ఒర చేసుకోండి.

రాయిని కూడా ఒకసారి చూసుకోండి. నడుమ గుంట పడితే కత్తి వాలు కుదరదు. పెన్సిల్‌తో రాయి మీద గళ్ళు గీసి, 120 నంబరు నీటి ఎమరీ కాగితాన్ని ఆ గ్రానైట్ గట్టు మీదే పరిచి, నీళ్ళు చల్లి రుద్దండి. గీతలన్నీ చెరిగిపోయాయంటే రాయి చదునైనట్టే.